ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, పెద్ద అక్షరాల పుస్తకం: సమాధి దగ్గరా పెళ్ళి పందిట్లోనూ పాడుకున్నాక రాస్తున్న రివ్యూ

కొనాలా వద్దా అన్నది మాత్రమే తెలుసుకోవాలని వచ్చినవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, కొనండి. ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్ళుంటే కొనండి, ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయుంటే కొనండి, పెళ్ళి పెట్టుకునుంటే అప్పుడూ కొనండి. ఈ మూడింటికీ ఒకే పుస్తకం ఎలా సరిపోతుందని అడుగుతారేమో, నేను చెప్పాలనుకున్నది కూడా అదే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ఇది గుళ్ళల్లోనూ ఇళ్ళల్లోనూ పాడుకునే తెలుగు క్రైస్తవ పాటల పుస్తకం, తెలుగు క్రైస్తవ ఇళ్ళలో ఇది తెలియనివాళ్ళు తక్కువ. బాప్టిస్టు, లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), ఏ గుడికి వెళ్ళినా బైబిలు పక్కన ఇది ఉంటుంది. మా ఇంట్లో నాన్నగారి కాలం నాటి కాపీ ఉండేది, అట్ట ఊడిపోయి, మొదటి పేజీలు కొన్ని పోయి, అక్షరాలు మరీ చిన్నవి. అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక దాన్ని చదవడం కుదరడం లేదు. అందుకని పెద్ద అక్షరాలది తెచ్చాను.

ముందు పుస్తకం సంగతి. గట్టి అట్ట, దారంతో కుట్టిన బైండింగ్. ఇది ముఖ్యం, ఎందుకంటే గమ్ముతో అంటించినవి రెండు క్రిస్మస్‌లు తిరిగేసరికి వెన్ను విడిపోయి పేజీలు చేతికొస్తాయి. తెరిచి టేబుల్ మీద పెడితే దానంతట అది మూసుకుపోదు, హార్మోనియం మీద పెట్టుకుని పాడేవాళ్ళకి ఇదెంత సుఖమో వాళ్ళకే తెలుసు. అక్షరాలు నిజంగానే పెద్దవి, అమ్మ కళ్ళజోడుతో సాయంత్రం ట్యూబ్‌లైట్ వెలుగులో ఇబ్బంది పడకుండా చదువుతోంది. కాగితం మాత్రం పల్చన, వెనక పేజీ అక్షరాలు లీలగా కనిపిస్తాయి. బరువు కూడా ఎక్కువే, గుడిలో నిలబడి ఒంటి చేత్తో పట్టుకుని నాలుగు చరణాలు పాడితే చెయ్యి లాగుతుంది. గుడికి చిన్నది, ఇంటికి పెద్దది అనుకుంటే సరిపోతుంది. పేజీ గుర్తుకి రిబ్బన్ ఒకటే ఇచ్చారు, రెండుంటే బాగుండేది. ధర షాపుని బట్టి, అట్టని బట్టి మారుతుంది కానీ భయపడేంతది కాదు.

ఒక పేజీ తీస్తే ఎలా ఉంటుందో చెప్తాను. పైన నంబరు. దాని కింద రాగం పేరు, తాళం పేరు. తర్వాత పల్లవి, దాని కింద చరణాలు, ప్రతి చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఉంటుంది, మళ్ళీ పల్లవి అందుకోమని గుర్తు. అన్నిటికంటే కింద రాసినవారి పేరు. వెనక అకారాది క్రమంలో పాటల పట్టిక. ముందు విభాగాల పట్టిక. ఈ విభాగాల పట్టిక ఒక్కటి నిదానంగా చదివినా మనిషి బతుకంతా కనిపిస్తుంది: ఉదయం పాడేవి, సాయంత్రం పాడేవి, క్రీస్తు జననం, శ్రమలు, పునరుత్థానం, పశ్చాత్తాపం, కృతజ్ఞత, పెళ్ళి, మరణం. మరణానికి ఒక విభాగం ఉందని చిన్నప్పటి నుంచీ తెలుసు కానీ, ఆ పేజీలు తెరవాల్సిన అవసరం నాన్నగారు పోయేదాకా రాలేదు.

నాన్నగారు వెళ్ళిపోయింది ఒక ఎండాకాలంలో. భూస్థాపన అయ్యింది, బంధువులు వచ్చారు, ఇంటివాళ్ళని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెట్టారు. వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే, ప్రేమగానే వచ్చారు. కానీ అమ్మ కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు "ఏడవకూడదు అక్కా, ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళారు, మనం సంతోషించాలి" అనడం, అమ్మ తప్పు చేసినదానిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, నేను చూస్తూ ఉండిపోవడం. ఆ మాట అబద్ధమని నేననను. నేనూ నమ్ముతాను, సమాధి ఆఖరిది కాదని. కానీ నమ్మకం ఉన్నవాళ్ళు ఏడవకూడదని బైబిల్లో ఎక్కడుంది?

యోహాను సువార్త 11వ అధ్యాయం తీయండి. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. అతని అక్క మార్త యేసుకి ఎదురొచ్చి, "నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు" అంది. కాసేపటికి మరియ వచ్చి అచ్చం అదే మాట అంది. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే మాట, ఒకటే నిష్ఠూరం. మార్తకి ఆయన మాటలతో జవాబు చెప్పాడు, పునరుత్థానమూ జీవమూ నేనే అన్నాడు. మరియకి ఏమీ చెప్పలేదు, ఆమె ఏడుస్తుంటే చూసి తానూ ఏడ్చాడు. మరికాసేపట్లో లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు! నాకు ఇందులో అర్థమైంది ఏమిటంటే, కొందరికి ఆ పూట మాట కావాలి, కొందరికి కన్నీళ్ళలో తోడు కావాలి, ఆయన ఎవరికి కావలసింది వాళ్ళకిచ్చాడు. మనం మాత్రం మరియలాంటివాళ్ళకి కూడా మార్తకి చెప్పిన జవాబే అప్పజెప్పేస్తున్నాం.

ఆ రోజుల్లోనే ఈ పెద్ద అక్షరాల పుస్తకం ఇంటికొచ్చింది. సాయంత్రం ప్రార్థన వేళకి అమ్మ చేతిలో పెట్టాను, ఏ పాట పాడదామని అడిగాను. అమ్మ సంతోష కీర్తనల జోలికి పోలేదు, మరణం విభాగం జోలికీ పోలేదు. పురుషోత్తమ చౌదరి గారి త్రాహిమాం క్రీస్తు నాథ తీసింది. కాపాడమని, దయ చూడమని అడిగే మొర అది. పల్లవి పాడుతుంటే అమ్మ గొంతు పూడుకుపోయింది, తమ్ముడు అందుకున్నాడు, తర్వాత నేను, చరణం అయ్యేసరికి అమ్మ మళ్ళీ పల్లవిలో కలిసింది. కూడికలో అంతమంది ముందు ఏడవలేనిది, పాటలో ఏడ్చింది. ఏడవద్దని ఎవరూ అనలేదు, ఎందుకంటే పాటే ఏడుస్తోంది కదా!

అప్పుడు నా కళ్ళు పేజీ పైన ఉన్న ఆ చిన్న లైన్ మీద పడ్డాయి. రాగం, తాళం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, ఎప్పుడూ పట్టించుకోలేదు. మనిషి తట్టుకోలేక పెట్టే మొరకి కూడా ఇన్ని మాత్రల తాళం అని ఒక లెక్క కట్టి, ఇదిగో ఇలా పాడండి అని పదిమంది చేతికీ ఇచ్చారన్నమాట. ఇది మన తెలుగువాళ్ళతో మొదలైంది కూడా కాదు. బైబిల్లో 22వ కీర్తన తీయండి. నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు అని మొదలయ్యే కీర్తన, సిలువ మీద యేసు ఎత్తుకున్న కీర్తన. దాని పైన శీర్షికలో ఏముందో చూడండి: ప్రధాన గాయకునికి ఇచ్చినది, అయ్యెలెత్ షహర్ అనే రాగం మీద పాడవలసినది అని ఉంటుంది. అయ్యెలెత్ షహర్ అంటే తెల్లవారుజాము లేడి అని చెప్తారు. దేవుడు నన్ను వదిలేశాడు అనే మాటకి ఒక రాగం పెట్టి, గుడిలో గాయక బృందానికి అప్పజెప్పి, అందరి చేతా పాడించారు! ఒకడి బాధ వాడొక్కడిదే కాకుండా సంఘం మొత్తం గొంతులో పెట్టుకుంది. విశ్వాసంలో దుఃఖానికి అర్థం ఎక్కడుందని నన్నడిగితే నేను చూపించేది ఈ శీర్షికనే. ఎందుకిలా జరిగింది అన్న ప్రశ్నకి జవాబు నాకు దొరకలేదు, అమ్మకీ దొరకలేదు. కానీ ఆ ప్రశ్నని దేవుడి ముందు పెట్టొచ్చని, దాన్ని ఒంటరిగా పెట్టక్కర్లేదని తెలిసింది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బైబిల్లో ఉన్న మొత్తం 150 కీర్తనల్లో మొర పెట్టేవి, కష్టం చెప్పుకునేవి చాలా ఉన్నాయి. ఎక్కువ శాతం మొరతో మొదలై చివరికి స్తుతిలోకి వస్తాయి. 88వది మాత్రం రాదు. చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది, చివర్లో ఒక్క మంచి మాట ఉండదు. అలాంటిదాన్ని కూడా తీసెయ్యకుండా లేఖనాల్లో ఉంచారు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితుల సంగతి తెలిసిందే, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద ఆయన పక్కన ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే అంతా చెడింది. ఆదరణ కూడికలకి వెళ్ళేవాళ్ళందరూ యోబు రెండో అధ్యాయం చివరి వచనం చదువుకుని బయల్దేరితే బాగుంటుంది, ఇది నేను నిజంగా మనసులో ఉన్నదే అంటున్నాను.

పాటలు రాసినవాళ్ళ గురించి రెండు మాటలు. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టారు, పర్లాకిమిడి ప్రాంతం, 1890లో పోయారు. నూటికి పైగా తెలుగు కీర్తనలు రాశారు. ఆయన పాటలు ఈ రోజుకీ ఊళ్ళల్లో అక్షరం రాని ముసలమ్మలకి కూడా నోటికొచ్చు. పుస్తకం తిరగేస్తుంటే దయ చూపమని మొరపెట్టే పాట కింద ఆయన పేరుంటుంది, రక్షణ దొరికిందని పొంగిపోయే పాట కిందా ఆయన పేరే ఉంటుంది. ఒకే మనిషి. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి రాసినా ఆశ్చర్యం లేదు, మన బతుకు కూడా అలాగే నడుస్తుంది కదా.

మాది ఒంగోలు వైపు. మా వైపు సంఘాల కథే కరువులో మొదలైన సంతోషం. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసిన కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించాడు. ఆ కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మా సంఘాల్లో పిల్లలకి కూడా తెలుసు, పండగలా చెప్పుకుంటాం. నాకైతే ఇప్పుడు ఇంకొకటి కూడా కనిపిస్తోంది. ఆ రోజు ఏట్లో దిగినవాళ్ళల్లో కరువులో బిడ్డనో తల్లినో పోగొట్టుకోనివాళ్ళు ఎంతమంది ఉండుంటారు? తడి బట్టలతో గట్టెక్కినప్పుడు వాళ్ళ సంతోషం దుఃఖం లేని సంతోషమయ్యుండదు. రెండూ కలిసే ఉండుంటాయి. మా ముత్తాతల విశ్వాసం అలా మొదలైందని తలుచుకుంటే, ఏడుపూ పాటా ఒకే పుస్తకంలో ఉండటం సబబే అనిపిస్తుంది.

ఇక లోపాలు, దాచకుండా చెప్తాను. భాష గ్రాంథికం, సంస్కృత సమాసాలు ఎక్కువ. మా తమ్ముడి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, తెలుగు బాగానే వచ్చు, అయినా చరణానికి రెండు మాటలు అడుగుతాడు. కఠిన పదాలకి అర్థాలు వెనక నాలుగు పేజీల్లో ఇచ్చుంటే ఎంత మేలు జరిగేదో. రాసినవారి పేరుంది కానీ వాళ్ళు ఏ కాలంవాళ్ళో, ఏ ఊరివాళ్ళో ఒక్క లైన్ కూడా లేదు. రాగం తాళం ఇచ్చారు సరే, స్వరం ఇవ్వలేదు, కాబట్టి పాట ముందే విననివాళ్ళు పుస్తకం చూసి నేర్చుకోలేరు. పెద్దవాళ్ళ నోటి నుంచే నేర్చుకోవాలి. ఈ చివరిది లోపమో మంచిదో నేను తేల్చుకోలేను, ఎందుకంటే ఆ నేర్చుకునే వంకతోనే మావాడు నాయనమ్మ పక్కన గంటలు కూర్చుంటున్నాడు, ఫోన్ పక్కన పెట్టి.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. ఈ పాటలన్నీ యాప్‌లలో ఉన్నాయి కదా, పుస్తకమెందుకు అంటారు చాలామంది. ఉన్నాయి, నేనూ వాడతాను, బస్సులో వెళ్తూ ఒక చరణం గుర్తు రాకపోతే అదే దిక్కు. కానీ అచ్చుతప్పులు చూసుకోవాలి, ఒత్తు ఒకటి పోయినా అర్థం మారిపోతుంది. అన్నిటికీ మించి సమాధుల తోటలో మిట్టమధ్యాహ్నం ఎండకి స్క్రీన్ కనపడదు, పాట మధ్యలో ఫోన్ మోగుతుంది, పక్కనున్నవాళ్ళకి చూపించి కలిసి పాడటానికి వీలుండదు. పుస్తకమైతే ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటారు. భూస్థాపన రోజున నేనూ మా పిన్నీ అలాగే పట్టుకున్నాం, ఆవిడ చెయ్యి వణుకుతుంటే పేజీ తిప్పింది నేను.

ఇప్పుడు సంతోషం సంగతి, ఇది కూడా అంత తేలిక కాదు. నాన్నగారు పోయిన ఏడాదిలోపే తమ్ముడి కూతురి పెళ్ళి. ముందే ప్రధానం అయిపోయిన సంబంధం, వాయిదా వెయ్యొద్దని నాన్నగారే చెప్పి వెళ్ళారు. అమ్మకి మనసొప్పలేదు. పెళ్ళి జరగాలనే ఉంది, కానీ తను పందిట్లో కూర్చుని నవ్వడం, పాడటం ఆయనకి ద్రోహం చేసినట్టుంటుందని బాధ. "నేను వెనక గదిలో ఉంటాలేమ్మా, మీరు కానివ్వండి" అంది. ఏడవకూడదన్న మాటతో అప్పుడు నలిగిపోయిన మనిషి ఇప్పుడు నవ్వకూడదని తనకి తానే ఆంక్ష పెట్టుకుంది. భర్త పోయిన ఆడవాళ్ళని శుభకార్యాల్లో వెనక్కి నెట్టే అలవాటు మన ఊళ్ళల్లో గుడికెళ్ళే ఇళ్ళల్లో కూడా ఇంకా పూర్తిగా పోలేదు, ఎవరూ పైకి అనరు, కానీ చూపుల్లో ఉంటుంది. విధవరాళ్ళ గురించి అన్నిసార్లు చెప్పిన బైబిలు చేతిలో పెట్టుకుని ఇలా చెయ్యడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మా సంఘం అయ్యగారు ఇంటికొచ్చి అమ్మతో కూర్చున్నారు. ఆయన ఉపదేశమేమీ చెయ్యలేదు. మత్తయి 26వ అధ్యాయం తీసి ఒక్క వచనం చదివారు. ఆఖరి భోజనం అయ్యాక శిష్యులూ ఆయనా కీర్తన పాడి ఒలీవల కొండకి వెళ్ళారు అని. ఆ ఆఖరి భోజనం పస్కా పండగ భోజనమని, దాని చివర యూదులు ఆచారంగా పాడేవి 115 నుంచి 118 దాకా ఉన్న కీర్తనలని, ఇది యెహోవా చేసిన దినం, ఇందులో సంతోషిద్దాం అనే మాట 118లోనే ఉందని చెప్పారు. తనని పట్టుకోబోయే గెత్సేమనే తోటకి నడిచి వెళ్ళే ముందు, తెల్లవారితే సిలువ అని తెలిసి, యేసు ఆ మాట పాడి ఉంటాడు. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఆ వచనం ఎన్నిసార్లు చదివానో, ఆ కీర్తన ఏదై ఉంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సంతోషమనేది కష్టాలన్నీ అయిపోయాక మిగిలేది అనుకుంటాం మనం. ఆ రాత్రి ఆయన కష్టానికి ముందే, కష్టం తెలిసే పాడాడు. పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో కాళ్ళకి కొయ్య బొండ వేసి ఉండగా మధ్యరాత్రి పాడారు, ఖైదీలు వింటున్నారని కూడా రాసి ఉంది. అదే ఫిలిప్పీ ఊరివాళ్ళకి పౌలు తర్వాత ఇంకో చెరలో నుంచి ఉత్తరం రాస్తూ ఆనందించండి, మళ్ళీ చెప్తున్నాను ఆనందించండి అన్నాడు. ఆ ఉత్తరం అందుకున్నవాళ్ళకి ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది! తమ ఊరి జైల్లో పాట విన్నవాళ్ళు కూడా వాళ్ళల్లో ఉండొచ్చు.

పెళ్ళిలో అమ్మ ముందు వరసలోనే కూర్చుంది. చివర్లో మంగళం పాడేటప్పుడు పెద్ద అక్షరాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పక్కన కూర్చున్న వియ్యపురాలికి కూడా కనిపించేలా జరిపి పాడింది. మధ్యలో ఏడ్చింది కూడా. ఈసారి ఎవరూ ఏడవకూడదనలేదు, అయ్యగారి భార్య భుజం మీద చెయ్యి వేసి అలాగే పాడుతూ ఉంది. ఏడుస్తూ పాడటం ఒక పని, రెండు పనులు కాదు అని నాకు అప్పుడే తెలిసింది.

ఈ మధ్య వస్తున్న ఆరాధన పాటల గురించి ఎవరో తప్పకుండా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. నాకు వాటి మీద కోపం లేదు, పిల్లలు పాడుతుంటే నేనూ చప్పట్లు కొడతాను. కానీ యూట్యూబ్‌లో వరసగా ఓ పది వినండి, విజయం, దీవెన, హెచ్చింపు, ఆశ్చర్యకార్యం. మంచిదే. ఉద్యోగం పోయినవాడు, గర్భం నిలవని ఆడపిల్ల, డయాలసిస్‌కి వెళ్ళొచ్చిన పెద్దాయన ఆదివారం వచ్చి ఏది పాడాలి? వాళ్ళు నోరు కదుపుతారు అంతే. ఈ పాత పుస్తకంలో వాళ్ళకి పేజీలున్నాయి. మసిలామణి గారి నడిపించు నా నావ ఒక్కటి చాలు, తెలుగు క్రైస్తవుల్లో ఆ పాట ఆసరాతో రాత్రి గడిపినవాళ్ళు ఎంతమందో. అందులో గాలి లేదని, అలలు లేవని ఎక్కడా అనరు, నడిపించమని అడుగుతారు. పాట ఎంచుకునే బాధ్యత ఉన్న యూత్ పిల్లలు వారానికి ఒకటైనా ఇలాంటిది పెట్టండి, ఆ రోజు గుడిలో ఎవరి గొంతు మారుతుందో మీకే వినిపిస్తుంది.

ఈస్టర్ రోజు తెల్లవారుజామున మా ఊళ్ళో అందరం సమాధుల తోటకే వెళ్తాం. ముందు రోజే సున్నాలు కొట్టి, కలుపు పీకి, బంతిపూలు కట్టి ఉంచుతారు. చీకటి ఉండగానే కొవ్వొత్తులు వెలిగించి పునరుత్థాన కీర్తనలు ఎత్తుకుంటారు. పిల్లలకి అది పండగ, సమాధుల మధ్య పరిగెత్తుతుంటారు, ఎవరూ కసరరు. కొత్త సమాధి ఉన్నవాళ్ళు ఒక పక్కకి కూర్చుని ఏడుస్తుంటారు, వాళ్ళనీ ఎవరూ ఆపరు. మొన్నటి ఈస్టర్‌కి కొత్త సమాధి మాదే. ఈ పుస్తకం అక్కడికీ వచ్చింది, రెండు మూడు పేజీల మీద మైనం చుక్కలు పడ్డాయి. కాగితం పల్చన అన్నాను కదా, గీకితే చిరుగుతుందని అలాగే వదిలేశాను.

కొనేవాళ్ళకి చివరగా రెండు జాగ్రత్తలు. షాపులోనే పేజీలన్నీ ఒకసారి తిరగేసి చూసుకోండి. మేం మొదట తెచ్చిన కాపీలో మధ్యలో ఒక ఫారం (కలిపి అచ్చయ్యే పేజీల కట్ట) రెండుసార్లు పడి, దాని తర్వాతది లేదు, మార్చి ఇవ్వమంటే షాపాయన కాసేపు గొణిగినా మార్చి ఇచ్చాడు. వెనక పాటల పట్టిక పూర్తిగా ఉందో లేదో కూడా చూడండి, పట్టిక లేకపోతే అంత పెద్ద పుస్తకంలో పాట వెతకడం పెద్దవాళ్ళ వల్ల కాదు. ఇంటికి తెచ్చిన రోజే ప్లాస్టిక్ అట్ట వేయించండి, చిన్న రిబ్బన్ ముక్క ఇంకొకటి మీరే కుట్టించుకోండి. పెళ్ళికి బహుమతిగా ఇవ్వాలనుకుంటే పెద్ద అక్షరాలది వద్దు, కొత్త దంపతులకి చిన్న సైజుదే వాడుకలో ఉంటుంది. పెద్దది వాళ్ళ అమ్మానాన్నలకి కొనివ్వండి.